తోలినోని మాట

బుధవారం మధ్యాహ్నం హుసేన్ పీరా రిమోట్‌ను జేబురుమాలుతో తుడిచి, ట్రాక్ పక్కనున్న నా బల్ల మీద పెట్టి, "సరే మేడం" అన్నాడు. ఇంకో మాట లేకుండా తన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలలుగా ఆయన నన్ను చెల్లీ అనే పిలిచేవాడు. ఆదివారం బళ్లారిలో పోటీ ఉంది. కారు నడపాల్సింది ఆయనే. ఆయన తప్ప మా కారును నడపగలిగే మనిషి గుంతకల్లులో లేడు.

నా వైపు న్యాయం ఉందనుకున్నాను. న్యాయమే కాదు, పదకొండు కాగితాలు కూడా ఉన్నాయి. వాటిని పట్టుకుని యోబు మాస్టారి దగ్గరికి బయల్దేరాను.

యోబు మాస్టారు రైల్వే షెడ్డులో ముప్పై ఆరేళ్లు టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇంటి వెనక రేకుల కింద ఒక పాత లేతు మిషను పెట్టుకుని, రిమోట్‌తో నడిచే పోటీ కార్లకు షాకబ్జర్లు తయారు చేస్తారు. ఊళ్లోవాళ్లకు ఆయన బొమ్మకార్ల యోబు. ఆ పేరు ఆయనకు తెలుసు, నవ్వుకుంటారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, రెండు ఉద్యోగాలు వదిలి, పని నేర్పమని ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. "చదువుకున్నావు కదమ్మా, ఇంగ నేనేం నేర్పేది?" అన్నారు. ఆ మాటలో మర్యాద నాకు వినిపించింది. హెచ్చరిక వినిపించలేదు.

ఈ కార్లను బొమ్మలనుకోవద్దు. మూరెడు పొడవుంటాయి. మట్టి ట్రాక్ మీద స్కూటరంత వేగంగా పోతాయి. గట్టు ఎక్కితే మనిషి ఎత్తున గాల్లోకి లేస్తాయి. లేచినదాన్ని మళ్లీ నేల మీదికి మర్యాదగా దించేది షాకబ్జర్. బొటనవేలంత గొట్టం, దాని నిండా నూనె, నూనెలో రాడ్డు చివర చొక్కా గుండీ అంత పిస్టన్. గుండీకి ఉన్నట్టే దానికీ బెజ్జాలుంటాయి. కారు కుదుపు తిన్నప్పుడల్లా నూనె ఆ బెజ్జాల్లోంచే దారి చేసుకోవాలి. బెజ్జం ఎంత ఉండాలి, నూనె ఎంత చిక్కగా ఉండాలి అన్నదే మా తలనొప్పి అంతా.

నా పని పిస్టన్లను పరీక్షించడం. షాకబ్జర్‌లో నూనె పోసి, బుడగలన్నీ పైకి తేలేదాకా ఆగి, నిలువుగా స్టాండుకు బిగించి, రాడ్డుకు పావుకేజీ తూకపు రాయి కట్టి వదులుతాను. రాడ్డు ఎన్ని సెకన్లలో కిందికి దిగిందో రాసుకుంటాను. ఒక్కో పిస్టన్‌కు మూడుసార్లు. మాస్టారు చేతిగడియారం పెట్టుకుని చేసే ఆ పనికి నేను స్టాప్‌వాచ్ తెచ్చాను, స్టాండు మార్చాను, షీట్లు ప్రింటు చేయించాను. షీటు నిండా గడులు. పిస్టన్ నంబరు, బెజ్జాలు, నూనె, మూడు టైములు, సగటు. చూస్తే ముచ్చటేసేది. ముచ్చటేసింది ఎక్కువగా నాకే అనుకోండి.

మాస్టారి పాత పుస్తకంలో ఇంకో గడి ఉండేది. పేజీలో సగం అదే. పైన "తోలినోని మాట" అని రాసుండేది. దాని కింద పెన్సిలుతో "ఎనకాల కాలు ఈడుస్తాది", "మలుపులో మొండికేస్తాది", "శానా పెంకి, అయినా బాగుంది" లాంటి మాటలు. వాటికి సగటు ఎట్లా తీస్తాం? నా షీట్లలో ఆ గడి తీసేశాను. మాస్టారు మొదటి షీటును కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశారు. ఏమీ అనలేదు. నచ్చిందనుకున్నాను.

ఇక బుధవారం సంగతి. బళ్లారికి రెండు రకాల పిస్టన్లు పరీక్షించాను. ఒకటి సన్న బెజ్జాలది, పల్చటి నూనెతో. ఇంకొకటి పెద్ద బెజ్జాలది, చిక్కటి నూనెతో. తూకపు రాయి కట్టి వదిలితే రెండూ మూడు సెకన్లలోనే దిగుతున్నాయి. సన్న బెజ్జాలదైతే మూడుసార్లూ ఒకే అంకె. అంత నిలకడ నేనెప్పుడూ చూడలేదు. నాలుగు చక్రాలకూ అవే బిగించాను.

పాత జిన్నింగ్ మిల్లు వెనక ఖాళీ జాగాలో మా ట్రాక్. పీరా పది రౌండ్లు తిప్పాడు. రెండో గట్టు దగ్గర కారు దిగి, మళ్లీ ఎగిరి, ఒకసారి బోర్లా పడింది. ఇంకోసారి పడింది.

"చెల్లీ, దిగేటప్పుడు రాయి మాదిరి అయితాది" అన్నాడు.

"రాయి ఎట్లా అవుతుందన్నా? మూడు సెకన్లు. మెత్తగా దిగుతోంది. నువ్వే చూడు." షీటు చూపించాను.

"షీటులో కాదు. గట్టు మీద."

"పెద్ద బెజ్జాలదీ మూడు సెకన్లే. రెండిటికీ తేడా లేదు."

"నాకు తెలుస్తాంది కదా. దిగేటప్పుడు..."

అప్పుడన్నాను ఆ మాట. "తేడా కారులో లేదు పీరా అన్నా. నీ చేతిలో ఉంది."

ఇరవై రెండేళ్లుగా ఆటో తోలుతున్న మనిషితో అన్నాను. గుంతకల్లులో కాన్పుకు ఆస్పత్రికి పోయే ఆడవాళ్లు కబురు పెట్టి మరీ ఆయన ఆటో పిలిపించుకుంటారు. స్టేషన్ రోడ్డు గుంతల మీద కడుపులో బిడ్డకు తెలియకుండా తీసుకుపోతాడని పేరు. మా అక్కను తీసుకుపోయింది కూడా ఆయనే. అదంతా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆయన కోప్పడలేదు. జేబురుమాలు తీశాడు.

*

నేను వెళ్లేసరికి మాస్టారు లేతు దగ్గర తెల్లటి నైలాన్ పొట్టు ఊడుస్తున్నారు. జరిగిందంతా చెప్పాను. నా కాగితాలు ఆయన ముందు పరిచాను.

"మీరే చెప్పండి సార్. మీరు చెప్తే పీరా అన్న వింటాడు. నా పరీక్షలో తప్పుంటే చూపించండి."

మాస్టారు చేతులు తుడుచుకుని కూర్చున్నారు. పదకొండు కాగితాలూ ఒక్కొక్కటిగా చూశారు. తొందరేమీ పడలేదు. నాకైతే పీరా ఆటో ఊరి పొలిమేర దాటిపోతున్నట్టుంది.

"తప్పేం లేదు. శానా శుద్ధంగా చేసినావు" అన్నారు.

నా గుండె బరువు దిగింది. "చూశారా సార్!"

"రెండు రకాలూ తీసుకురా."

బళ్లారికి సిద్ధం చేసిన షాకబ్జర్లలోంచి రెండు తెచ్చాను. రెండిటికీ స్ప్రింగులు విప్పాను. పైకి చూస్తే కవలపిల్లలే. గుర్తు కోసం మూతకు చీటీ అతికించి ఉంచుతాం, అంతే తేడా.

"ఎడం చెయ్యి బల్ల మీద పెట్టు. అరచెయ్యి పైకి. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. ఒక షాకబ్జర్ మూత నా అరచేతిలో ఆనింది. మాస్టారు దాన్ని నిలువుగా పట్టుకుని, పైనుంచి రాడ్డును బొటనవేలితో మెల్లగా నొక్కారు. నూనె కదలడం చేతికి తెలిసింది.

"ఎట్లుండాది?"

"మెత్తగా ఉంది సార్."

రెండోది పెట్టి నొక్కారు. "ఇది?"

"ఇదీ అంతే. ఏం తేడా లేదు."

"నీ షీటు చెప్పినట్టే ఉండాది" అన్నారు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. గెలిచిన నవ్వు.

మళ్లీ మొదటిది అరచేతిలో ఆనింది. ఈసారి బొటనవేలు లేదు. ఏదో గాల్లో లేచిన చప్పుడు, వెంటనే దెబ్బ.

"అమ్మా!"

చెయ్యి లాక్కున్నాను, కానీ కళ్లు తెరవలేదు. అదేం పట్టుదలో నాకే తెలియదు. అరచేయి మధ్యలో గులకరాయి దిగబడినట్టుంది.  లేతు పక్కన గడియారం కొట్టుకోవడం వినిపించింది. మాస్టారు ఆగారు. నేను చెయ్యి మళ్లీ బల్ల మీద పెట్టేదాకా ఆగారు.

రెండోది ఆనింది. దెబ్బ పడింది. అదే బలం, అదే చప్పుడు. కానీ ఈసారి చేతిలోకి ఏమీ రాలేదు. ఎవరో భుజం తట్టినట్టు కాస్త కదిలి ఆగిపోయింది.

కళ్లు తెరిచాను. మాస్టారి చేతిలో కొయ్య సుత్తి ఉంది. రెండో షాకబ్జర్ చీటీ మీద పెద్ద బెజ్జాల నంబరు. మొదటిదాని మీద నా సన్న బెజ్జాల నంబరు. మూడుసార్లూ ఒకే అంకె చూపించింది అదే.

"మొదటిది ఎట్లుండింది?" అని అడిగారు మాస్టారు.

"రాయి మాదిరి..." అన్నాను.

అని, ఆగిపోయాను. ఆ మాట నాది కాదు. గంటన్నర క్రితం అదే మాట నాకు చెప్తే, చెప్పిన మనిషి చేతిలో తప్పుందన్నాను.

మెల్లగా పోతే సన్న బెజ్జంలోంచి కూడా నూనె దారి చేసుకుంటుంది. ఒక్కసారిగా మీద పడితే దారి చాలదు. నూనె అక్కడే బిగుసుకుపోతుంది. ఇది నేను కాలేజీలో చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుందే. నా స్టాండు మీద మాత్రం ఎనిమిది నెలల్లో ఒక్క పిస్టన్‌నైనా గట్టు మీద నుంచి దూకించలేదు. గట్టు మీద నుంచి దూకింది పీరా ఒక్కడే.

మాస్టారు పెన్సిలు నా వైపు తోశారు. "రాసుకో."

షీటు దగ్గరికి లాక్కున్నాను. చెయ్యి మంటగా ఉంది. ఎక్కడ రాయాలో తెలియలేదు. నంబరు గడి ఉంది, బెజ్జాల గడి ఉంది, టైముల గడులు మూడున్నాయి. "ఇందులో దీనికి గడి లేదు సార్" అన్నాను. 

మాస్టారు సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి కాగితం మీద పెట్టారు. తర్వాత చీపురు తీసుకుని మిగిలిన పొట్టు ఊడవడానికి వెళ్లిపోయారు.

గీత గీశాను. పైన ఏం రాయాలో ఆలోచించాల్సిన పని లేదు. కింద రాయాల్సింది మాత్రం నా దగ్గర లేదు.

*

స్టేషన్ బయట ఆటోల వరసలో పీరాది నాలుగోది. ముందు అద్దం తుడుస్తున్నాడు. అదే జేబురుమాలు.

నన్ను చూసి, "యాడికి పోవాల మేడం?" అన్నాడు. ఎవరో దారినపోయే ప్యాసింజరును అడిగినట్టు అడిగాడు. తిట్టినా బాగుండేది.

దారంతా తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. ఎడం చెయ్యి ఆయన ముందు తెరిచాను. అరచేయి మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలిపోయింది.

"ఏమైంది?"

"మాస్టారు కొట్టినారు."

"మాస్టారా?" జేబురుమాలు పడేశాడు. "ఆయప్ప చీమను గూడా కొట్టడే!"

"నా పిస్టన్ పెట్టి కొట్టినారు."

పీరా నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు.

"ఎట్లనిపించింది?" అని మెల్లగా అడిగాడు.

"రాయి మాదిరి అనిపించిందన్నా."

ఆయన పక్కకు తిరిగి రోడ్డు వైపు చూశాడు. ఆయన మొహం నాకు కనిపించలేదు. నవ్వుతున్నాడో ఏమో తెలియలేదు. వెనక ఆటోవాళ్లు మావైపే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. వాళ్ల ముందే చెప్పాలనిపించింది.

"తప్పు నీ చేతిలో లేదన్నా. నాకు తెలియక కాదు, వినక అన్నాను. అట్లా అనకూడదు."

షీటు తీసి ఆటో సీటు మీద పెట్టాను. కొత్త గడి చూపించాను. "మొదటి రౌండు నుంచి చెప్పన్నా. ఏం తెలిసిందో అంతా చెప్పు. రాసుకుంటా."

ఒక పెద్దాయన సంచీతో వచ్చి బస్టాండుకు వస్తావా అని అడిగాడు. "లేదప్పా, పని ఉండాది" అని పీరా ఆయన్ను వెనక ఆటోకు పంపించాడు. తర్వాత సీటు మీద నాకు జాగా చూపించి, చెప్పడం మొదలుపెట్టాడు.

అరగంట చెప్పాడు. కారు గాల్లో ఉన్నప్పుడు ముక్కు ఎటుంటుందో చెప్పాడు. ఏ చక్రం ముందు నేలకు తగులుతుందో, ఆ తగలడం రిమోట్ పట్టుకున్న వేళ్లకు ఎట్లా తెలుస్తుందో చెప్పాడు. రిమోట్‌కు కారుకు మధ్య తీగైనా లేదు. అయినా తెలుస్తుందట. నేను నమ్మాను. నమ్మి రాసుకున్నాను.

"నాలుగూ మార్చొద్దు. ముందరివి బాగుండాయి. మలుపులో అవే కారును పట్టుకుంటాండాయి. ఎనకాలవి రెండే మార్చు. గట్టు దిగేటప్పుడు ముందు తగిలేది ఎనకాలే" అన్నాడు.

పెన్సిలు ఆపి ఆయన వైపు చూశాను. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి అన్న ఆలోచన నా పదకొండు కాగితాల్లో ఎక్కడా లేదు. ఈయన ఎన్ని వారాలుగా ఈ మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడో! అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు కాబట్టి, నేను బిగించిచ్చినదాన్నే ఆ రోజు దాకా పల్లెత్తు మాట అనకుండా తోలుతూ వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి నొప్పి వల్లే అనుకుని ఉంటాడు.

"బాగా నొస్తాందా చెల్లీ?" అన్నాడు.

తల ఊపాను.  నన్ను ఇంతకన్నా ఖరీదైన మాటతో ఎవరూ పిలవలేదు.

*

బళ్లారిలో ఎండ మండిపోయింది. ఇరవై ఆరు కార్లు. చాలావరకు పెట్టెలోంచి తీసినట్టు కొత్తగా మెరిసిపోతున్నాయి. మాది మాత్రం మూడు రంగుల అతుకులతో ఉంది. మొదటి పోటీలోనే ఒక టైరు అంచు ఊడి వెనకబడ్డాం. ఆ టైరు అతికించింది నేనే, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. తర్వాతి పోటీల్లో కోలుకుని ఫైనల్‌కు చేరాం.

ఫైనల్‌లో పీరా మంచె మీద నిలబడి తోలుతున్నాడు. నేనూ మాస్టారూ ట్రాక్ అంచున కట్టిన తాడు దగ్గర నిలబడ్డాం. అక్కడ మా రెండో గట్టు కన్నా పెద్ద గట్టుంది. మా కారు ఎగిరింది. అది గాల్లో ఉన్నంతసేపూ నేను ఎడం చెయ్యి పిడికిలి బిగించే ఉన్నాను.

దిగింది. చప్పుడు లేదు. వెనక చక్రాలు కుంగి, లేచి, కారు ఏమీ జరగనట్టు ముందుకు పోయింది.

పక్కన మాస్టారు "స్తోత్రం" అన్నారు. ఆయన లేతు మీద నుంచి మంచి పిస్టన్ దిగినా అదే మాట అంటారు, టీ తాగే ముందూ అదే అంటారు. ఆ రోజు నేను కూడా అన్నాను, నాకు అలవాటు లేకపోయినా.

మూడో స్థానం వచ్చింది. పీరా మంచె దిగి వచ్చి, కారును ఒళ్లో పెట్టుకుని, వెనక షాకబ్జర్లను వేలితో నిమిరాడు. నేను అడగకముందే "రాసుకో" అన్నాడు. పెన్సిలు తీశాను. "కడుపుతో ఉండే తల్లి కూడా ఎక్కొచ్చు అని రాయి."

అట్లాగే రాశాను. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత నేను వందల పిస్టన్లు పరీక్షించాను, చాలామందికి ఆ పని నేర్పాను. నా స్టాండుకు ఇప్పుడు మెల్లగా దించే తూకపు రాయితో పాటు పైనుంచి పడే సుత్తి కూడా ఉంది. కానీ ఏ షీటైనా ముందు ఆ చివరి గడి నుంచే చదువుతాను. ఆ బుధవారం దెబ్బ తలుచుకున్నప్పుడల్లా ఆ కొయ్య సుత్తికి మనసులోనే దండం పెట్టుకుంటాను. అది పట్టుకున్న చేతికి, దానికన్నా ముందు నేను వినని మాటను ఓపిగ్గా రెండోసారి చెప్పిన మనిషికి కూడా.

ఒక్కటి మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. బళ్లారి నుంచి వచ్చిన మర్నాడు ఉదయం మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని, కొత్త పిస్టన్ బెజ్జాల అంచులను సూదితో నున్నగా చేస్తున్నారు.

"సార్, ఎనిమిది నెలల క్రితం నేను ఆ గడి తీసేసినప్పుడు మీరు చూశారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆయన సూది ఆపలేదు.

"చెప్పింటే గడి గీసుండేదానివి. పీరాను పోయి అడిగుండేదానివి కాదు" అన్నారు.

పిస్టన్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక్కో బెజ్జంలోంచి ఆకాశాన్ని చూశారు. "స్తోత్రం" అని, దాన్ని నా ఎడమ అరచేతిలో పెట్టారు.